నాన్న బుల్లెట్ అమ్మేయాలా, ఉంచాలా?

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. నాన్న మిలిటరీ సిగ్నల్స్‌లో, అంటే సైన్యం కబుర్లు చేరవేసే విభాగంలో, మోటార్‌సైకిల్ మీద ఉత్తరాలు అందించే డెస్పాచ్ రైడర్‌గా చేశారు, 1971 యుద్ధంలో ఉన్నారు. వచ్చేశాక ఒక పాత బుల్లెట్ కొని, దాన్నే ప్రాణంగా చూసుకున్నారు. రెండు నెలల కిందట పోయారు. పెద్దకర్మ రోజే గొడవ మొదలైంది. పెద్ద తమ్ముడు బండికి కొత్త రంగు వేయించి హాల్లో పెడదామంటాడు. చిన్నవాడు అమ్మేద్దామంటాడు. "నాకు ఒక్కసారైనా తాళం ఇచ్చారా? ఇప్పుడెందుకు దానికంత విలువ?" అని అరిచాడు. అమ్మ ఏమీ మాట్లాడదు. పొద్దున్నే బండిని గుడ్డతో తుడిచి లోపలికి వెళ్ళిపోతుంది. యుద్ధం గురించి అడిగితే నాన్న ఎప్పుడూ బండి కబుర్లే చెప్పేవారు. ఆయన గురించి మాకేమీ తెలియకుండానే వెళ్ళిపోయారని బాధగా ఉంది. సంవత్సరీకానికి ఆయన గుర్తుగా ఏం చేయగలం?

జవాబు: అమ్మా, ఆయన బండి కబుర్లే చెప్పారన్నారు. మీరు అడిగినదానికి ఆయన జవాబు చెబుతూనే ఉన్నారని నాకు గట్టిగా అనిపిస్తోంది. డెస్పాచ్ రైడర్ పనేమిటో ఒకసారి చూడండి. వైర్‌లెస్‌లో మాట్లాడితే శత్రువు వింటాడు. గుండ్లు పడితే ఫోన్ తీగలు తెగుతాయి. అప్పుడు కవరు చేతికిచ్చి పంపేది ఇతన్నే. సరిహద్దు దగ్గర రాత్రిపూట లైటు వేయకుండా, తెలియని దారిలో పోవాలి. బండి మొరాయిస్తే కబురు ఆగిపోతుంది. ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఆ ఇంజిన్ మీద ఎంత నమ్మకం, ఎంత భయం ఉండి ఉంటాయో! చూసినవి నోటితో చెప్పలేని మనుషులు ఇలా చేతిలో ఉన్న వస్తువు గురించి చెబుతారు. అందుకే ఆ కబుర్లు ఎవరికి ఏది గుర్తుంటే అది ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఇంజిన్‌కు నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు ఎలా శుభ్రం చేసేవారు, కిక్ కొట్టే ముందు కరెంటు చూపే ఆమీటర్ ముల్లు ఎందుకు చూసేవారు, అన్నీ. సంవత్సరీకానికి మీకు కావలసింది అందులోనే దొరుకుతుంది.

అమ్మగారిని "బండి ఏం చేద్దాం" అని అడగకండి. ఆ ప్రశ్నకు జవాబు చెబితే ఒక కొడుకు మనసు నొప్పించాల్సి వస్తుంది, అందుకే ఆవిడ నోరు విప్పడం లేదు. పొద్దున్నే మీరూ ఒక గుడ్డ తీసుకుని పక్కన కూర్చోండి. వీధి మలుపులో ఆ చప్పుడు వినబడగానే కంచం పెట్టిన మనిషి ఆవిడ. చెప్పాలనిపించినప్పుడు తనే చెబుతుంది. ఒకవేళ తిండి, నిద్ర బాగా తగ్గిపోయాయంటే మాత్రం డాక్టరుకు చూపించండి, వయసు మీద తోసేయకండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆపింది చిన్న తమ్ముడి మాట. డబ్బు కోసమే అమ్మమంటున్నాడని మీరంతా అనుకుంటున్నారేమో, నాకలా అనిపించలేదు. మీ ముగ్గురికీ నాన్న ఒక్కరే అయినా, ఆయన దగ్గర దొరికింది ఒకటి కాదు. మీకు కబుర్లు దొరికాయి, వాడికి తాళం దొరకలేదు. పాత బుల్లెట్‌కి గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉంటాయి. వేరే బండి అలవాటైన కుర్రాడు కంగారులో బ్రేకు అనుకుని గేరు తొక్కేస్తాడు. రోడ్డు మీద ప్రాణాలు పోవడం చూసిన మనిషి ఆ భయంతోనే ఇవ్వలేదేమో. అది నా ఊహే, తమ్ముడి మీద రుద్దకండి. ముందు వాడి కోపం మొత్తం వినండి, మధ్యలో నాన్నను వెనకేసుకు రాకండి. తరువాత పెద్దవాడి చేత తాళం వాడి చేతికి ఇప్పించండి. మంచి మెకానిక్ చేత బ్రేకులు చూపించుకుని, హెల్మెట్ పెట్టుకుని ఊరి చివరిదాకా నడపనివ్వండి. అమ్మే మాట ఆ తరువాత మాట్లాడుకోవచ్చు. సంవత్సరీకం దాకా రంగు కూడా వేయించవద్దు. ట్యాంకు మీద ఆయన మోకాళ్ళు ఒరుసుకుని రంగు పోయిన చోటు ఒకసారి పోతే మళ్ళీ రాదు.

ఆయన సర్వీసు వివరాలు కావాలంటే పెట్టెలో పతకాలు వెతకండి. వాటి మీద సర్వీసు నంబరు, పేరు చెక్కి ఉంటాయి. పశ్చిమీ స్టార్ ఉంటే పడమటి సరిహద్దులో, పూర్వీ స్టార్ ఉంటే తూర్పున పనిచేశారన్నమాట. చింతపండు పెట్టి తోమకండి, పొడిగుడ్డ చాలు. డిశ్చార్జి బుక్కు తీసుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి. అమ్మగారి ఫ్యామిలీ పెన్షన్ పని కూడా అక్కడే కదిలించవచ్చు. మీ దగ్గర్లోనే మిలిటరీ మాధవరం ఉంది కదా, తరాలుగా ఇంటింటి నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. అక్కడి పెద్దల్లో సిగ్నల్స్‌లో చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో అడగండి. సంవత్సరీకానికి భోజనానికి పిలిస్తే, మీ నాన్నగారు చెప్పనివి వాళ్ళు చెప్పవచ్చు.

ఒక్క పనికి మాత్రం ఆలస్యం వద్దు. యజమాని పోయిన ముప్ఫై రోజుల్లో ఆర్టీఓ ఆఫీసుకు తెలియజేయాలి, మూడు నెలల్లో వారసుల పేరుకు మార్చమని ఫారం 31 ఇవ్వాలి. చెప్పి ఉండకపోతే ఈ వారమే వెళ్ళండి. ఆర్‌సీ, ఇన్సూరెన్సు గడువులు కూడా చూసుకోండి. మీరు ముగ్గురూ సంతకాలు పెట్టి బండిని అమ్మగారి పేరుకు మార్చండి.