లీటరు పాలలో మీ వాటా ఎంత?

ప్రశ్న: మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో ఉంటుంది. పాల ఉత్పత్తిలో మన దేశమే ప్రపంచంలో ఫస్ట్ అని నేనంటే, "అయినా తలసరి కాల్షియం మా దగ్గరే ఎక్కువ, ఇక్కడ బ్రెడ్డు పిండిలో కూడా కలుపుతారు" అంటోంది. అక్కడ రోజుకు 700 మిల్లీగ్రాములు చాలట. మా డాక్టరుగారేమో నాకు వెయ్యి కావాలన్నారు. నాకు 47 ఏళ్లు. తేడా దేశంలో ఉందా, ఎముకల్లో ఉందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అమ్మాయి చెప్పినవి నిజాలేనమ్మా. అయితే 'తలసరి' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. దేశంలో పండినదీ పితికినదీ దిగుమతైనదీ కూడి, అందులోంచి ఎగుమతులు, విత్తనాలు, పశువుల దాణా, పాడైపోయినది తీసేసి, మిగిలినదాన్ని జనాభాతో భాగిస్తారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వేసే లెక్కలు ఇలాంటివే. ఎవరి కంచంలోకీ తొంగిచూసి రాసినవి కావు.

నేను డైటీషియన్‌గా పనిచేసిన రోజుల్లో "నిన్న పాలు ఎన్ని తాగారమ్మా?" అని అడిగితే, పది మందిలో ఏడెనిమిది మంది "రోజూ లీటరు పోయించుకుంటామండీ" అనేవారు. నేనడిగింది అది కాదు కదా! కొలత గ్లాసు చేతికిచ్చి మళ్లీ మొదలుపెట్టేదాన్ని. ఒకావిడ ఇంట్లో ఐదుగురు. లీటరును ఐదుతో భాగిస్తే తలకు 200. గ్లాసులో పోసి చూపించమంటే తేలిందేమిటంటే, మనవడికి రెండు గ్లాసులు, ఆయనకు చిక్కటి కాఫీలు, అందరికీ పెరుగు. ఆవిడకు రెండు పూటలా టీలో పడ్డ పాలు, గిన్నె అడుగున మిగిలిన పెరుగు. అన్నీ కలిపినా వంద గ్రాములు దాటలేదు. దేశం లెక్క కూడా ఆ 'లీటరు పోయించుకుంటాం' లాంటిదే.

2023-24లో మన దేశంలో పాల లభ్యత తలకు రోజుకు 471 గ్రాములు. వంద గ్రాముల పాలలో కాల్షియం సుమారు 120 మిల్లీగ్రాములు అనుకుంటే 565 వస్తుంది. కానీ పంజాబ్‌లో ఆ లభ్యత 1200 గ్రాములు దాటితే, అస్సాంలో వంద కూడా ఉండదు. అన్నం ఆదుకుంటుందా అంటే, వంద గ్రాముల బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా కష్టమే.

ఆ 120 అన్న అంకెకూ ఒక కథ ఉంది. మేం చదువుకున్న పాత పట్టికలో గేదెపాలకు 210 అని ఉండేది. జాతీయ పోషకాహార సంస్థ (మన హైదరాబాద్ తార్నాకలోనిదే) 2017లో తెచ్చిన కొత్త పట్టికలో 121 అయింది. మన పాలలో గేదెపాల వాటా తక్కువేం కాదు. కాబట్టి ఎవరైనా రెండు దేశాల అంకెలు పక్కపక్కన పెట్టి చూపిస్తే, నేను ముందు అడిగేది ఏ పట్టిక వాడారనే.

ఇక 700, 1000 సంగతి. తేడా ఎముకల్లో లేదు, కమిటీల్లో ఉంది. బ్రిటన్ 1991లో పెద్దవాళ్లకు 700 అని పెట్టుకుంది. మనకు 2010 సిఫార్సుల్లో 600 ఉండేది, 2020లో దాన్ని వెయ్యి చేశారు. పైన వచ్చిన 565ని ఆరు వందల పక్కన పెడితే 'దాదాపు సరిపోయింది' అంటాం, వెయ్యి పక్కన పెడితే సగం కాస్త దాటుతుంది. పాలు అవే, గేదెలు అవే. మీకు మాత్రం మీ డాక్టరుగారి మాటే లెక్క.

బ్రెడ్డు కథ రెండో ప్రపంచ యుద్ధం నాటిది. ఓడల మీద గోధుమలు రావడం కష్టమై, పొట్టు పారేయకుండా గోధుమలో 85 శాతం పిండిలోకే వెళ్లేలా ఆడించారు. పొట్టులోని ఫైటేట్ కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందనివ్వదు. అందుకని పిండిలో సుద్ద, అంటే కాల్షియం కార్బొనేట్ కలిపారు. యుద్ధం ముగిసినా ఆ అలవాటు పోలేదు. మన వాళ్లు సీమసుద్ద అన్నది ఊరికే కాదేమో! 1998 నిబంధనల ప్రకారం వంద గ్రాముల పిండికి 235 నుంచి 390 మిల్లీగ్రాముల సుద్ద. అందులో కాల్షియం 40 శాతమే. రెండు స్లైసుల్లో 50 గ్రాముల పిండి ఉందనుకుంటే, కలిపిన కాల్షియం 47 నుంచి 78 మిల్లీగ్రాములు. అరగ్లాసు పాలపాటి కూడా కాదు.

మీ విషయానికొస్తే, రేపు ఒక్కరోజు మీరు తాగే పాలు, పెరుగు, మజ్జిగ మాత్రమే కొలిచి రాసుకోండి. నెయ్యి లెక్కలోకి రాదు, వెన్న తీశాక కాల్షియం మజ్జిగలోనే ఉండిపోతుంది. కాబట్టి ఆ మజ్జిగ పారబోయకండి. 50 గ్రాముల రాగిపిండితో జావ కాస్తే 180 మిల్లీగ్రాముల దాకా వస్తుంది, అందులో మజ్జిగ పోసుకుంటే ఇంకా మంచిది. డాక్టరుగారు కాల్షియం మాత్ర రాసి ఉంటే ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకండి, మధ్యలో కొన్ని గంటలు ఎడం ఉండాలి.

మీ అమ్మాయి ఏ బ్రెడ్డు కొంటుందో ఒకసారి అడగండి. ఆరోగ్యమని ముడిగోధుమ పిండిది, అదే హోల్‌మీల్ కొంటుంటే, ఆ పిండికి సుద్ద నిబంధన వర్తించదు.