ఆయన ఆఫీసు పని మీద వైజాగ్ వెళ్తుంటే నేనూ వెళ్లొచ్చా?

ప్రశ్న: మా వారికి వైజాగ్‌లో నాలుగు రోజుల ట్రైనింగ్, హోటల్ గది కంపెనీదే. పెళ్లయి ఆరేళ్లయినా ఇద్దరం కలిసి ఎక్కడికీ వెళ్లలేదు. నేనూ వస్తానంటే 'ఆఫీసులో ఏమనుకుంటారో' అని టెన్షన్ పడుతున్నారు.
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: వెళ్లండమ్మా, చెప్పకుండా మాత్రం వద్దు. కొన్ని కంపెనీలు ఇద్దరు ఉద్యోగులకు కలిపి ఒకే గది ఇస్తాయి, అందుకే ముందు మేనేజరుకి ఒక మాట చెప్పమనండి. తర్వాత హోటల్‌కి ఫోన్ చేసి మీ పేరు కూడా రాయించండి. రిసెప్షన్‌లో ఇద్దరి గుర్తింపు కార్డులూ అడుగుతారు, ఆధార్ పట్టుకెళ్లండి, పాన్ కార్డులో చిరునామా ఉండదు కాబట్టి చాలాచోట్ల తీసుకోరు. రెండో మనిషికి అదనంగా పడే డబ్బు, మీ టిఫిను, మీ టికెట్టు మీరే కట్టుకుని, ఆ బిల్లు వేరుగా రాయించుకోండి, కంపెనీ లెక్కలో ఒక్క కాఫీ కూడా కలవకూడదు.

పగలంతా ఆయన క్లాసులో ఉంటారని అలగొద్దు. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉంది, 2002 నుంచి జనాన్ని లోపలికి వెళ్లి చూడనిస్తున్నారు, ఆ ఇరుకు మంచాల మధ్య నుంచి నడిచి రండి. సాయంత్రం ఆయన రాగానే ఇద్దరూ కైలాసగిరి ఎక్కండి. ఆరేళ్లు ఆగారు, ఈసారి ఆగకండి.