32 పేజీల పాత దస్తావేజు స్కాన్‌ను శుభ్రం చేసి 2 ఎంబీ లోపుకు తేవడం ఎలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: చిత్తూరు జిల్లాలో పొలం తాలూకు తెలుగు దస్తావేజు, 32 పేజీలు. బెంగళూరులో మారతహళ్లి దగ్గర జెరాక్స్ షాపులో కలర్‌లో స్కాన్ చేయిస్తే 58 ఎంబీ వచ్చింది. అప్‌లోడ్ చేయాల్సిన సైటు 2 ఎంబీ దాటితే తీసుకోదు. పంచింగ్ రంధ్రాల నల్ల మచ్చలు, వంకర పేజీలు సరిచేద్దామని వర్డ్‌లో పెట్టి మళ్లీ పీడీఎఫ్ చేశారు. అక్షరాలు మసకబారాయి, సైజు మాత్రం చాలినంత దిగలేదు.

ఒక్క అక్షరం చెడకుండా 2 ఎంబీలో పట్టించవచ్చండి. ముందు బరువు ఎక్కడుందో చూడండి. ఏ4 కాగితం 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 2480 × 3508 పిక్సెళ్లు, అంటే సుమారు 87 లక్షలు. కలర్‌లో ఒక్కో పిక్సెల్‌కు 24 బిట్లు కాబట్టి కుదించకముందు పేజీ 26 ఎంబీ. గ్రేలో 8.7 ఎంబీ. అచ్చమైన నలుపు-తెలుపులో పిక్సెల్‌కు ఒకటే బిట్టు, 1.1 ఎంబీ. దాన్ని ఫ్యాక్స్ కోసం తయారైన గ్రూప్ 4 పద్ధతిలో కుదిస్తే మామూలు టైపు పేజీ 30 నుంచి 60 కేబీకి దిగుతుంది, ఒక్క పిక్సెల్ కూడా మారదు. మీ 58 ఎంబీలో ఎక్కువ భాగం కాగితం పసుపుదనం, మడతల నీడలు, వెనక పేజీ నుంచి తేలిన సిరా. అక్షరాల వాటా చాలా తక్కువ.

కాబట్టి పీడీఎఫ్‌ను పీడీఎఫ్‌గానే దిద్దకండి. లోపలి బొమ్మలను బయటికి తీసి, శుభ్రం చేసి, చివర్లో ఒక్కసారే కుదించి మళ్లీ కట్టండి. వర్డ్‌లో చెడింది ఇలా: కలర్ కలర్‌గానే ఉండిపోయింది, సేవ్ చేసేటప్పుడు వర్డ్ మామూలుగా బొమ్మలను 220 పీపీఐకి (అంగుళానికి 220 పిక్సెళ్లు) దించేస్తుంది, పైగా జేపెగ్ రెండోసారి కుదించింది. జేపెగ్ బొమ్మను 8 × 8 పిక్సెళ్ల గళ్లుగా కోసి కుదిస్తుంది. ప్రతి కొత్త కుదింపుకూ అక్షరాల అంచుల చుట్టూ దుమ్ములాంటి నలుసు పెరుగుతుంది. ఆ నలుసు తర్వాత నలుపు-తెలుపు చేసేటప్పుడు కూడా సతాయిస్తుంది. అందుకే వర్డ్ కాపీని వదిలేసి షాపు వాళ్లు ఇచ్చిన మొదటి ఫైలు నుంచే మొదలుపెట్టండి.

పీడీఎఫ్‌ల కోసం ఉచితంగా దొరికే పాప్లర్ టూల్స్‌తో వచ్చే పీడీఎఫ్‌ఇమేజెస్ అనే కమాండ్‌ను లిస్ట్ ఆప్షన్‌తో నడపండి. ఒక్కో పేజీలో ఎన్ని బొమ్మలున్నాయో, ఎంత పీపీఐయో, ఏ కుదింపో, ఎన్ని కేబీలో వరసగా చెబుతుంది. పేజీకి ఒకే జేపెగ్ ఉంటే ఆల్ ఆప్షన్‌తో బయటికి తీయండి, ఉన్నది ఉన్నట్టుగా వస్తుంది. పేజీకి రెండు మూడు ముక్కలు, మాస్కులు కనిపిస్తే షాపు మెషీన్ అక్షరాలను, నేపథ్యాన్ని వేరే పొరలుగా విడగొట్టే కాంపాక్ట్ పీడీఎఫ్ మోడ్‌లో చేసిందని అర్థం. దానితో కుస్తీ పట్టకండి, మళ్లీ స్కాన్ చేయించుకోండి. షాపులో చెప్పాల్సింది రెండే మాటలు: 300 డీపీఐ, గ్రే. నలుపు-తెలుపు అక్కడే చేయించవద్దు, ఎంత ముదురు పడాలో మెషీనే తేల్చేస్తుంది, తర్వాత మీ చేతిలో ఏమీ ఉండదు.

శుభ్రం చేయడానికి స్కాన్‌టైలర్ అడ్వాన్స్‌డ్ వాడండి. ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. బొమ్మలనే తీసుకుంటుంది, పీడీఎఫ్‌ను కాదు. తిప్పడం, పేజీలు విడదీయడం, వంకర తీయడం, అక్షరాలున్న చోటు గుర్తించడం, మార్జిన్లు, చివరికి అవుట్‌పుట్, ఇలా ఆరు దశలు. మొదటి ఐదూ చాలావరకు తనే చేసుకుపోతుంది, మీరు ఒకసారి చూసి సరిపెడితే చాలు. అవుట్‌పుట్ దగ్గర మాత్రం నిదానంగా కూర్చోండి. అక్కడ 600 డీపీఐ అని ఉంటే 300 చేయండి. మోడ్ నలుపు-తెలుపు. పంచింగ్ రంధ్రాల మీద ఫిల్ జోన్స్‌లో గీత చుట్టి తెలుపు నింపండి.

ఎంత ముదురు పిక్సెల్‌ను నలుపుగా లెక్కించాలో తేల్చే థ్రెషోల్డ్ స్లైడర్ తెలుగుకు ప్రాణం. మరీ ముదురుగా పెడితే సన్నటి సందులు పూడిపోతాయి: ప తలకట్టు దగ్గరి ఖాళీ మూసుకుపోయి వ అవుతుంది, ఒత్తులు ముద్ద కడతాయి. మరీ పలచగా పెడితే సన్న గీతలు తెగుతాయి. మచ్చలు ఏరే డీస్పెకిల్‌ను అతి తక్కువ స్థాయి దాటనివ్వకండి. ఎక్కువ పెడితే ఠ లోపలి చుక్కను మచ్చ అనుకుని ఏరేస్తుంది, అది ర లా మిగులుతుంది. థ లో చుక్క పోతే ధ. పొలం పత్రంలో ఊరి పేరో ఇంటి పేరో అలా మారితే ఎంత చిక్కో మీకు తెలుసు. ఒత్తులు ఎక్కువున్న ఒక పేజీని 200 శాతానికి పెంచి, అసలు కాగితం పక్కన పెట్టుకుని చదివాకే ఆ సెట్టింగును మిగతా పేజీలకు వర్తింపజేయండి.

స్కాన్‌టైలర్ కాకుండా ఉచిత బొమ్మల ఎడిటర్ గింప్‌లో చేస్తే, ఒక బిట్ పాలెట్‌కు మార్చేటప్పుడు డిథరింగ్ (బూడిద రంగును చుక్కలు చల్లి చూపడం) వద్దు అని ఎంచుకోండి, ఎక్స్‌పోర్ట్‌లో టిఫ్, గ్రూప్ 4. ఈ పద్ధతి ఒక్కో వరసను పై వరసతో పోల్చి తేడా మాత్రమే రాసుకుంటుంది. డిథరింగ్ చల్లే చుక్కలకు ప్రతి వరసా కొత్తదే అవుతుంది, సైజు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

వేలిముద్రలు, ఫొటోలు ఉన్న పేజీలను నలుపు-తెలుపు చేయకండి, ముద్ర గీతలు కలిసిపోతాయి. వాటిని గింప్‌లో గ్రే చేసి, లెవెల్స్‌లో తెలుపు కొనను 220 దగ్గరికి లాగి కాగితాన్ని తెల్లగా చేసి, 150 డీపీఐకి దించి, 65-70 నాణ్యతతో జేపెగ్‌గా ఒక్కసారి సేవ్ చేయండి. పేజీ 120 కేబీ చుట్టుపక్కల వస్తుంది. కాగితం బాగా పసుపెక్కి, స్కాన్ కలర్‌లోనే ఉంటే, మామూలుగా గ్రే చేసే బదులు ఎరుపు చానెల్ (కలర్ బొమ్మలోని మూడు రంగుల పొరల్లో ఒకటి) తీసుకోండి, పసుపు తేలిపోతుంది, నీలం సంతకం నల్లగా నిలుస్తుంది. అయితే ఎర్ర సీలు ఉన్న పేజీకి అది పనికిరాదు, సీలు కూడా మాయమవుతుంది. అక్కడ ఆకుపచ్చ చానెల్ మేలు.

ఇప్పుడు లెక్క చూడండి: 28 టైపు పేజీలు 40 కేబీ చొప్పున 1.1 ఎంబీ, 4 ముద్రల పేజీలు అర ఎంబీ. మొత్తం 1.6.

పేజీలను కట్టడానికి ఐఎంజీ2పీడీఎఫ్. టిఫ్‌లోని నలుపు-తెలుపునూ జేపెగ్‌నూ మళ్లీ చెడగొట్టకుండా పీడీఎఫ్‌లో కూర్చుతుంది. తర్వాత ఒక పేజీ మార్చాల్సివస్తే పీడీఎఫ్ అరేంజర్‌లో ఆ ఒక్కటీ తీసి కొత్తది పెట్టండి. ప్రింట్ టు పీడీఎఫ్ కొట్టారంటే కుదింపు మళ్లీ మొదటికొస్తుంది. వెతుక్కోడానికి అక్షరాల పొర కావాలంటే ఓసీఆర్‌మైపీడీఎఫ్‌కు తెలుగు భాష చెప్పి నడపండి, పేజీకి కొద్ది కేబీలే కలుస్తాయి. కర్ణాటక ఆస్తి తాలూకు కన్నడ ఖాతా (ఆస్తి పన్ను రికార్డు) కాగితాలు కూడా ఉంటే వాటిని వేరే ఫైలుగా, కన్నడ భాషతో నడపండి. రెండు లిపులూ దగ్గరివి, కలిపి ఇస్తే తికమక పడుతుంది.

జేబిగ్2 అనే మరో నలుపు-తెలుపు కుదింపు పద్ధతి ఇంకా చిన్నది చేస్తుంది. కానీ అందులో నష్టం ఒప్పుకునే ఆప్షన్‌ను ఇలాంటి పత్రాలకు ముట్టకండి. అది ఒకేలా కనిపించే అక్షరాలకు ఒకే బొమ్మ వాడుకుంటుంది. 2013లో డేవిడ్ క్రీసెల్ బయటపెట్టిన జెరాక్స్ కంపెనీ స్కానర్ల గొడవ ఇదే, కాగితంలో 6 ఉన్నచోట స్కాన్‌లో 8 వచ్చింది. సర్వే నంబరు అలా మారితే చూసేవాళ్లకు అనుమానం కూడా రాదు, మసక ఉండదు కాబట్టి.

సాక్షుల ఆధార్ నంబర్లు దాచాలంటే పీడీఎఫ్ మీద నల్ల డబ్బా గీస్తే చాలదు, కింద నంబరు అలాగే ఉంటుంది, డబ్బా జరిపితే కనిపిస్తుంది. బొమ్మలోనే నలుపు పూయండి. అంతకు మించి సంతకాలు, తేదీలు, అంకెల జోలికి పోకండి, చెరిగినట్టున్నా సరే. కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్ నుంచి దింపుకున్న డిజిటల్ సంతకం ఉన్న ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) లాంటివి ఈ పనిలో కలపవద్దు. మళ్లీ సేవ్ చేస్తే ఆ సంతకం చెల్లకుండా పోతుంది, వాటిని వచ్చినవి వచ్చినట్టే విడిగా అప్‌లోడ్ చేయండి.