ఆస్కార్ యానిమేషన్ లఘుచిత్రాలకు ఆరేళ్ల పాపను తీసుకెళ్లవచ్చా?

టికెట్లు ఇంకా కొనకపోవడం మంచిదైంది. డల్లాస్‌లో ఆస్కార్ నామినేషన్ పొందిన యానిమేషన్ లఘుచిత్రాల ప్రదర్శనకు మీ ఆరేళ్ల పాపనూ, ఇంగ్లిష్ అంతగా రాని అత్తగారినీ తీసుకెళ్లాలని ఉందన్నారు. బొమ్మల సినిమా అనగానే పిల్లలదే అనుకుంటాం. ఇక్కడ ఆ లెక్క కుదరదు.

ఒక్కొక్కటి 40 నిమిషాలు దాటని ఐదు చిత్రాలను వరుసగా వేస్తారు. ఎంపికలో ప్రేక్షకుల వయసుతో పని లేదు. 2022 జాబితానే చూడండి. ‘రాబిన్ రాబిన్’ ఎలుకల ఇంట్లో పెరిగిన పిట్ట కథ, పాప హాయిగా చూస్తుంది. అదే వరుసలో ఉన్న ‘బెస్టియా’ మాత్రం చిలీ నియంతృత్వ కాలపు రహస్య పోలీసు ఏజెంటు గురించి. బొమ్మలాటలా కనిపిస్తుంది కానీ పెద్దవాళ్లకే నిద్ర పట్టనివ్వదు. ఆ ఏడాది ఆస్కార్ గెలిచిన ‘ద విండ్‌షీల్డ్ వైపర్’ కూడా పెద్దల చిత్రమే.

అందుకని ముందుగా ఐదు పేర్లూ రాసుకుని, ఒక్కోదాని ట్రైలర్ మీరే చూడండి. ఒక్కటి తేడాగా ఉన్నా పాపను ఇంట్లోనే ఉంచండి. చీకట్లో మధ్యలో లేచి బయటకు రావడం ఎంత అవస్థో నాకు అనుభవమే!

అత్తగారి సంగతి సులువు. 2025లో గెలిచిన ఇరాన్ చిత్రం ‘ఇన్ ద షాడో ఆఫ్ ద సైప్రస్’లో సంభాషణలే లేవు. చిలీ వారి ‘బేర్ స్టోరీ’ కూడా అంతే, పదకొండు నిమిషాల లోపే. ఇలాంటివి ఏరి ఇంట్లోనే ఒక సాయంత్రం వేయండి.