నర్సులకు ఆన్‌లైన్ గ్రూపుల వల్ల ఒరిగేది ఏమైనా ఉందా, టైమ్ వేస్టా?

ఉంది. కాకపోతే అందరూ వెతికే చోట కాదు. వెబినార్‌లో లాగిన్ అయి, కెమెరా ఆపేసి, పొయ్యి మీద కూర చూసుకుంటూ చివర్లో సర్టిఫికెట్ మాత్రం డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లు బోలెడుమంది. ఫైల్లో పాయింట్లు పెరుగుతాయి, అంతే. డ్యూటీలో ఇరుక్కుపోయి ఎవరో అడిగిన ప్రశ్నలోనే అసలు చదువంతా ఉంటుందని నా గట్టి నమ్మకం.

ఆహారం ఇవ్వడానికి ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టాన్ని రైల్స్ ట్యూబ్ అంటారు. అది కడుపులోనే ఉందని తేల్చుకోవడానికి లోపలి ద్రవాన్ని సిరంజితో లాగి చూస్తాం. మా గ్రూపులో ఓ జూనియర్ నైట్ డ్యూటీ నుంచి అడిగింది: "అక్కా, రైల్స్ ట్యూబ్ వేశాను, ఎంత లాగినా ఏమీ రావట్లేదు, ఫీడ్ టైమ్ దాటిపోయింది. గాలి ఎక్కించి స్టెత్‌తో విని ఇచ్చేయమంటున్నారు, ఇచ్చేయనా?" ఇచ్చెయ్, మేమెప్పుడూ అంతే అని ఇద్దరు ముగ్గురు వెంటనే రాసేశారు. వేరే దేశంలో ఐసీయూలో పనిచేసే ఒకావిడ మాత్రం ఆగమన్నారు. ట్యూబ్ ఊపిరితిత్తుల్లోకి పోయినా ఆ చప్పుడు వినిపించొచ్చు, దాన్ని నమ్మొద్దని బ్రిటన్‌లో 2005లోనే హెచ్చరిక ఇచ్చారని చెప్పి, ఏం చేయాలో వరసగా రాశారు. పేషెంట్‌ని ఎడమ పక్కకు తిప్పు, పెద్ద సిరంజితో 10-20 మి.లీ. గాలి ఎక్కించు, పావుగంట నుంచి అరగంట ఆగు, ఈలోపు నోరు శుభ్రం చెయ్యి, దాంతో కడుపులో యాసిడ్ ఊరుతుంది, అప్పుడు మళ్లీ లాగి చూడు. వచ్చినదాంట్లో యాసిడ్ ఎంతుందో చూపే పీహెచ్ స్ట్రిప్ మీద (అంకె తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువ) 5.5 లేదా అంతకు తక్కువ ఉంటేనే ఫీడ్, లేదంటే ఎక్స్‌రే. చాలాసేపటికి "వచ్చిందక్కా, 4" అని మెసేజ్. మరి యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ మందు వాడుతున్నవాళ్లకు పీహెచ్ ఎక్కువ చూపిస్తుంది కదా అని నేను అడిగాను, ఇక ఆ చర్చ తెల్లారేదాకా సాగింది.

చిరాకులూ ఉన్నాయి. గుడ్ మార్నింగ్ పువ్వుల కింద పనికొచ్చేవన్నీ పూడిపోతాయి. ఎక్కడిదో తెలియని డోస్ చార్ట్ ఫొటో ఒకటి అందరూ ఫార్వర్డ్ చేస్తూనే ఉంటారు. ఇది ఏ ప్రొటోకాల్‌లో ఉంది అంటే మాత్రం ఒక్కరూ మాట్లాడరు. పుండు ఫొటో పెడుతూ చేతి బ్యాండ్ మీద పేషెంట్ పేరు కూడా పడనిచ్చేవాళ్లని నేనైతే ఆ క్షణమే గ్రూపులోంచి తీసేస్తాను.

అసలు ఆ రాత్రి ఆ పిల్లకి పక్క వార్డులోనే ఏళ్ల సర్వీసున్న సీనియర్ సిస్టర్ ఉన్నారు. వెళ్లి అడిగితే "ఇది కూడా తెలీదా?" అని నలుగురిలో అనేస్తారని, ముక్కూ మొహం తెలియని మమ్మల్ని అడిగింది.