వికీ పేజీని ట్యాబులుగా విడగొట్టే ముందు

మీ బృందం మీడియావికీలో (వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేర్) రాసుకుంటున్న ‘తెలుగు టైపింగ్ సహాయం’ పేజీ చాంతాడంత అయిందనీ, విండోస్, ఆండ్రాయిడ్, ఐఫోన్‌లకు తలా ఒక ట్యాబు (నొక్కితే ఆ భాగమొక్కటే కనిపించే మీట) పెట్టవచ్చా అనీ అడిగారు. నిక్షేపంగా పెట్టండి. చదివేవారికి ఆ మూడింటిలో ఒకటే కావాలి, మిగతా రెండూ అడ్డమే. కాకపోతే పాఠ్యమంతా ఆ ఒక్క పేజీలోనే కుక్కకండి.

మా వికీలో ట్యాబర్ నోయె (TabberNeue) అనే పొడిగింత (వికీకి అదనపు సౌకర్యం చేర్చే ఎక్స్‌టెన్షన్) వాడతాం. <tabber>, </tabber> ట్యాగుల మధ్య ముందు ట్యాబు పేరు, సమాన గుర్తు, ఆపైన పాఠ్యం. ఒక ట్యాబు ముగిసి ఇంకొకటి మొదలయ్యే చోట |-| గుర్తు. ఒక్కరే రాసుకునే పేజీకి ఇది చాలు. నలుగురు చేయి పెట్టే పేజీలోనే వస్తుంది తంటా. ఐఫోన్ ట్యాబులో ఒక అక్షరం దిద్దాలన్నా మూడింటి పాఠ్యమూ తెరవాల్సిందే. చరిత్ర పేజీలో ఎవరు దేన్ని మార్చారో అంతా కలగాపులగం. మా దగ్గర ఒకరు పట్టికలో ఖాళీ గడికి గీత పెట్టి 5||-||6 అని రాస్తే, అందులోని |-| చూసి వికీ పట్టికను నడిమికి కోసి కొత్త ట్యాబు తెరిచింది!

అందుకే ఇప్పుడు ప్రతి ట్యాబుకూ ఒక ఉపపేజీ పెడుతున్నాం: ‘తెలుగు టైపింగ్/విండోస్’, అలాగే మిగతావి. అసలు పేజీలో, వాటి పాఠ్యాన్ని తెచ్చి ట్యాబులుగా చూపే, అదే పొడిగింతలోని ట్యాబర్‌ట్రాన్స్‌క్లూడ్ ట్యాగులో (<tabbertransclude>) వరుసకు ఒకటిగా ఉపపేజీ పేరు, నిలువు గీత, ట్యాబు పేరు రాస్తే సరి. దేని చరిత్ర దానిదే, దేని చర్చ పేజీ దానిదే. ఒక్క ఇబ్బంది ఉంది: పైనున్న ‘మార్చు’ నొక్కితే ఆ మూడు వరుసలే కనిపించి కొత్తవాళ్లు బిత్తరపోతారు. ప్రతి ఉపపేజీ అడుగునా ‘ఈ భాగాన్ని దిద్దండి’ అని లంకె ఇవ్వండి.

నిర్వాహకులు పొడిగింత వద్దంటే, మూడు లంకెలున్న మూసను (ఒకసారి రాసి ఎన్ని పేజీల్లోనైనా వాడుకునే టెంప్లేట్) మూడు పేజీల తలమీదా పెట్టండి. ఉన్న పేజీకే ఇచ్చిన లంకెను మీడియావికీ బొద్దుగా చూపిస్తుంది కాబట్టి చూడటానికి ట్యాబుల్లాగే ఉంటుంది. నిజం చెప్పాలంటే నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

కీబోర్డు జోడించడం, లేఔటు ఎంచుకోవడం వంటి వరుస మెట్లను మాత్రం ట్యాబులు చేయకండి. రెండో ట్యాబు ఉందన్న సంగతే గమనించనివారు చాలామంది. వాటికి మామూలు శీర్షికలే మేలు. నాలుగు శీర్షికలుంటే విషయసూచిక దానంతటదే వస్తుంది.