జర్మనీలో ఈస్టర్: శనివారం సాయంత్రానికే సిద్ధం కావాలి

ఈస్టర్ తేదీ ఏటా మారుతుంది. మార్చి 21న గాని, ఆ తర్వాత గాని వచ్చే మొదటి పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారమే పండగ. 2027లో అది మార్చి 28. ఆ తెల్లవారుజామునే గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, కాబట్టి ఎవరైనా ఉదయం టిఫినుకు పిలిస్తే గంట ఆలస్యంగా చేరకుండా చూసుకోండి.

కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కువగా ఇబ్బంది పడేది దుకాణాల దగ్గరే. గుడ్ ఫ్రైడే, ఆదివారం, సోమవారం సూపర్‌మార్కెట్లు మూసే ఉంటాయి. తెరిచేది మధ్యలో శనివారం ఒక్కటే, ఆ రోజు విపరీతమైన రద్దీ. పాలు, కూరగాయలు గురువారమే తెచ్చుకోండి. ఏదైనా మరిచిపోతే పెద్ద రైల్వే స్టేషన్లలోని దుకాణాలే దిక్కు.

శుక్రవారం దుఃఖదినం. చాలా రాష్ట్రాల్లో ఆ రోజు బహిరంగ నృత్య కార్యక్రమాలను చట్టమే నిషేధిస్తుంది. భక్తిగల ఇళ్ళలో మాంసం మానేసి చేప వండుతారు. "ఫ్రోహె ఓస్టర్న్" అనే శుభాకాంక్షను వాళ్ళకు ఆ రోజు చెప్పకండి, ఆదివారం చెప్పండి.

పిల్లలుంటే గుడ్లకు రంగు వేయడం తప్పనిసరి. పొడి రంగులు దొరుకుతాయి గానీ ఉల్లిపొట్టుతో వచ్చే ఎరుపు గోధుమ రంగు అందమే వేరు, మన వంటింట్లో దానికి లోటూ లేదు. ఎనిమిది పది ఉల్లిపాయల పొట్టును లీటరు నీళ్ళలో అరగంట మరిగించి వడకట్టండి. చల్లారాక రెండు చెంచాల వెనిగర్ వేసి, తెల్ల పెంకు గుడ్లు పెట్టి పొయ్యి మీద పెట్టండి. మరగడం మొదలయ్యాక పది నిమిషాలు ఉడకనివ్వండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డును నేరుగా వేడినీళ్ళలో వేస్తే పగులుతుంది, జిడ్డు అంటిన పెంకు మీద మచ్చలు పడతాయి. పెంకుకు కొత్తిమీర ఆకు అద్ది, పాత నైలాన్ మేజోడులో బిగించి కట్టి ఉడికిస్తే ఆకు ఆకారం తెల్లగా మిగులుతుంది. ఆరాక చుక్క నూనె రాస్తే మెరుస్తాయి.

ఆదివారం ఉదయం కుందేలు గుడ్లు దాచిపెట్టిందని పిల్లలకు చెప్పి, వాళ్ళు లేవకముందే పెద్దలు తోటలో దాస్తారు. తోట లేకపోతే ఇంట్లోనే. ఎన్ని దాచారో, ఎక్కడ దాచారో కాగితం మీద రాసుకోండి, లేకపోతే సోఫా వెనక వారాల తర్వాత కుళ్ళిన వాసన వస్తుంది. పిల్లలు ఇద్దరు ముగ్గురుంటే ఒక్కొక్కరికి ఒక రంగు కేటాయిస్తే కొట్లాట ఉండదు. చాక్లెట్ కుందేలును హీటర్ దగ్గరా ఎండలోనూ పెట్టకండి. ఇంట్లో కుక్క ఉంటే చాక్లెట్ నేల మీద అసలే వద్దు, దానికి అది విషం.

కొనేటప్పుడు పొట్లం మీద చదవండి. కొన్ని చాక్లెట్ గుడ్లలో ఐయర్‌లిక్యోర్ అనే గుడ్డు మద్యం నింపుతారు, అవి పిల్లలకు పనికిరావు. మెత్తటి మార్ష్‌మాలో రకాల్లో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. గొర్రెపిల్ల ఆకారంలో పంచదార పొడి చల్లి ఉండేది మాత్రం కేకే. అందులో మాంసం లేదు, గుడ్లు ఉంటాయి.

మధ్యాహ్న భోజనంలో గొర్రెపిల్ల మాంసం వడ్డించే ఇళ్ళు చాలా ఉన్నాయి. శాకాహారులైతే పిలిచినప్పుడే చెప్పేయండి, వాళ్ళు నొచ్చుకోరు. చేతిలో ట్యులిప్ పూలు, పిల్లలకో చిన్న చాక్లెట్ కుందేలు చాలు.

కుండీలో పెట్టి రంగుగుడ్లు వేలాడదీసే కొమ్మలు పూలకొట్లో కొనుక్కోండి. అడవిలో విల్లో కొమ్మలు గుప్పెడు మించి తెంచకూడదు, వసంతంలో తేనెటీగలకు దొరికే తొలి ఆహారం ఆ పూలే.

ఉత్తరాదిన శనివారం రాత్రి పెద్ద మంటలు వేస్తారు. నిప్పురవ్వలకు సింథటిక్ జాకెట్లకు చిల్లులు పడతాయి, పాత నూలు బట్టలు వేసుకు వెళ్ళండి. సోమవారం చుట్టాల ఇళ్ళకూ షికారుకూ పోతుంది. మిగిలిన గుడ్లలో పెంకు పగిలినవి ముందు తినేయండి, మిగతావి గుడ్డు పులుసుకు బాగా పనికొస్తాయి.